డైవ్ టార్చి అద్దం లోపల ఆవిరి పట్టిందా? ముందు ఓ-రింగ్ చూడండి

మీరు మూడు సంగతులు అడిగారు. రుషికొండలో రెండో డైవ్ నుంచి పైకి వచ్చాక కొత్త టార్చి అద్దం లోపలివైపు ఆవిరి కనిపించింది, అది లీకేనా అన్నది మొదటిది. డిసెంబరులో అండమాన్‌లోని హావ్‌లాక్ దీవిలో (ఇప్పటి స్వరాజ్ ద్వీప్) మీ మొదటి నైట్ డైవ్ ఉంది, ఈ టార్చిని నమ్ముకుని దిగొచ్చా అన్నది రెండోది. మూత దగ్గరున్న రబ్బరు రింగుకు వాజలైన్ రాయమని ఎవరో చెప్పారు, రాయొచ్చా అన్నది మూడోది. నేను విశాఖవాణ్ని, పదకొండేళ్లుగా అండమాన్‌లో డైవ్ గైడ్‌గా పని చేస్తున్నాను. మీ మూడు ప్రశ్నలూ ఆ రింగు చుట్టూనే తిరుగుతున్నాయి కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

చిన్న డైవ్ టార్చి సముద్రంలో పాడవడం తక్కువ. గదిలో బ్యాటరీ మార్చి మూత బిగించేటప్పుడే చాలావరకు పాడవుతుంది. నీళ్లు లోపలికి పోవడం ఆ తర్వాత జరిగే పని.

మూతకూ గొట్టానికీ మధ్య కూర్చునే ఆ రింగునే ఓ-రింగ్ అంటాం. ఇంట్లో కుక్కర్ గాస్కెట్ చేసే పనే ఇదీ చేస్తుంది. గాస్కెట్ కింద ఒక్క మెతుకు ఇరుక్కుంటే పక్క నుంచి ఆవిరి బుస్సున పోవడం చూసే ఉంటారు. ఇక్కడ మెతుకు బదులు ఇసుక రేణువో, తల వెంట్రుకో, తువ్వాలు నుంచి ఊడిన పోగో అడ్డుపడుతుంది. కుక్కర్‌లో ఒత్తిడి లోపల్నుంచి బయటికి తోస్తే, టార్చికి బయట్నుంచి లోపలికి తోస్తుంది. సముద్రంలో ప్రతి 10 మీటర్లకు సుమారు ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతుంది. 30 మీటర్ల లోతులో, 4 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న టార్చి అద్దం మీద అదనంగా పడే బరువు దాదాపు 40 కిలోలు.

అంత బరువు పడితే లోతుకు వెళ్లేకొద్దీ లీకు ఎక్కువవుతుందని చాలామంది అనుకుంటారు. రింగు శుభ్రంగా ఉంటే జరిగేది వేరు. లోతులో నీటి ఒత్తిడే రింగును గాడి గోడకు గట్టిగా అదిమి, సీల్‌ను ఇంకా బిగిస్తుంది. నేను చూసిన లీకుల్లో ఎక్కువ భాగం మొదటి రెండు మూడు మీటర్లలోనే మొదలయ్యాయి. కొన్నయితే పడవ మీద సామాను కడిగే తొట్టెలోనే. అందుకే ‘నేను పది మీటర్లు దాటి వెళ్లను, నాకేం కాదులే’ అనుకోకండి.

నా విషయంలో జరిగింది చెబుతాను. నాలుగేళ్ల కిందట ఒక నైట్ డైవ్‌కు ముందు పడవ మీదే బ్యాటరీ మార్చాను. చీకటి పడుతోంది, ఇద్దరు గెస్టులు సామాను తగిలించుకుని కూర్చున్నారు, నేను తొందరపడ్డాను. దిగిన కాసేపటికి వెలుగు రెండుసార్లు వణికి ఆగిపోయింది. ఛాతీ దగ్గర తగిలించుకున్న రెండో టార్చి వేసి, గెస్టులకు పైకి అని సైగ చేసి డైవ్ ముగించాను. ఒడ్డుకు వచ్చాక మూత విప్పితే దాన్ని తిప్పి బిగించే మరల గీతల మధ్య సన్నటి నురగ. రింగు మీద అడ్డంగా, గ్రీజుకు అంటుకుని ఒక్క వెంట్రుక. రెండు సెంటీమీటర్లు కూడా ఉండదు. ఆ రోజు నుంచి పడవ మీద టార్చి మూత విప్పలేదు. చార్జింగ్, బ్యాటరీ మార్పు అన్నీ గదిలో, బల్ల మీద, లైటు కింద.

ఇప్పుడు మీ ఆవిరి సంగతి. ఆవిరి వేరు, లీకు వేరు. విశాఖ గాలిలో తేమ ఎంత ఉంటుందో మీకు తెలుసు. ఆ గాలిలో మూత విప్పి బిగిస్తే అదే గాలి లోపల ఉండిపోతుంది. చల్లటి నీళ్లలోకి దిగగానే ఆ తేమ అద్దానికి పడుతుంది. టార్చి వేసి కాసేపు ఉంచితే, లేదా గదిలో పెడితే మరక లేకుండా పోతుంది. అలా పోయిందంటే అది లీకు కాకపోవచ్చు. ఈసారి మూత విప్పిన టార్చిని ఏసీ గదిలో అరగంట ఉంచాక బిగించండి, తేడా మీకే తెలుస్తుంది.

లీకైతే గుర్తులు వేరేగా ఉంటాయి. అద్దం లోపల ఆవిరి కాదు, బొట్లు కనిపిస్తాయి. మూత విప్పితే రింగుకు లోపలివైపు మరలు తడిగా ఉంటాయి. ఆరిపోయి ఉంటే తెల్లటి ఉప్పు పొర, బ్యాటరీ తగిలే స్ప్రింగు మీద ఆకుపచ్చ చిలుము కనిపిస్తాయి. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అది సముద్రం నీరే. బ్యాటరీ గొట్టం పొడిగా ఉండి అద్దం వెనక మాత్రమే తేమ నిలిచిపోతుంటే సమస్య తల భాగంలో ఉంది. చాలా చిన్న టార్చిల్లో ఆ భాగాన్ని కంపెనీలోనే సీల్ చేస్తారు. అద్దం చుట్టూ ఉన్న రింగును పట్టకారుతో విప్పే ప్రయత్నం చేయకండి. వారంటీలో వెనక్కి పంపండి.

రింగును ఎలా చూసుకోవాలో కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇదొక్కటి చేతికి వస్తే టార్చి ఏళ్ల తరబడి నిలుస్తుంది. ముందు టార్చిని మంచినీళ్లలో కడిగి, పూర్తిగా తుడవండి. మూత సందులో నీటి బొట్టు ఎప్పుడూ దాక్కుని ఉంటుంది. అందుకే విప్పేటప్పుడు మూతను కిందికి ఉంచి పట్టుకోండి, బొట్టు లోపలికి పోకుండా నేల మీద పడుతుంది. బ్యాటరీ తీసి పక్కన పెట్టండి. పోగులు రాలని గుడ్డ వాడండి. కళ్లజోడు తుడుచుకునే గుడ్డ బాగా పనికొస్తుంది.

రింగు తీయడానికి పిన్ను, చాకు మొన ముట్టుకోవద్దు. కంటికి కనిపించని గీత చాలు, రింగు గానీ గాడి గానీ పాడవడానికి. రెండు వేళ్లతో రింగును రెండు వైపుల నుంచి ఒకచోటికి నెట్టండి. చిన్న ఉబ్బులా పైకి లేస్తుంది, దాని కింద పాత ఏటీఎం కార్డు మూల పెట్టి పైకి జారిస్తే వచ్చేస్తుంది. రింగును చూపుడు వేలు, బొటనవేలు మధ్య పెట్టి నెమ్మదిగా చుట్టూ లాగుతూ పోండి, కళ్లు మూసుకుని చేసినా పర్వాలేదు. చూపుకు అందని పగులు వేలికి అందుతుంది. ఒకచోట చదునుగా, గట్టిగా తగిలినా, చిన్న గంటు ఉన్నా ఆ రింగు మార్చాల్సిందే. గాడిని, మరలను గుడ్డతో తుడవండి. మరల్లో నల్లటి ముద్ద పేరుకుంటే పాత మెత్తటి బ్రష్షుతో తీయండి, తర్వాత రాలిన వెంట్రుకలు లేవని చూసుకోండి. కొన్ని టార్చిలకు రెండు రింగులు ఉంటాయి, ఒకటి పోతే రెండోది ఆపుతుందని. రెండింటినీ శుభ్రం చేయండి.

తర్వాత గ్రీజు. ఆవగింజంత చాలు. వేళ్ల మధ్య రింగును తిప్పుతూ పూస్తే రింగు మెరవాలి గానీ గ్రీజు ముద్ద ఎక్కడా కనిపించకూడదు. నీళ్లను ఆపేది గ్రీజు కాదు, రబ్బరు. మూత తిప్పేటప్పుడు రింగు మెలిపడకుండా, చిరగకుండా జారడానికే గ్రీజు. ఎక్కువ రాస్తే ఇసుకను, పోగులను పిలిచి మరీ అంటించుకుంటుంది.

వాజలైన్ వద్దు. ఓ-రింగ్ రబ్బరులో రకాలున్నాయి. నైట్రైల్ రబ్బరు పెట్రోలియం జెల్లీని తట్టుకుంటుంది, ఈపీడీఎం రకం ఉబ్బి మెత్తబడిపోతుంది. రంగు చూసి ఏ రబ్బరో చెప్పలేం. పైగా మన ఎండలకు వాజలైన్ కరిగి కారుతుంది. డైవింగ్ సామాను అమ్మే చోట సిలికాన్ గ్రీజు చిన్న ట్యూబు దొరుకుతుంది, ఒకటి కొంటే చాలాకాలం వస్తుంది. ఇక్కడ కూడా ఒక మెలిక ఉంది. రింగే సిలికాన్ రబ్బరుతో చేసిందైతే సిలికాన్ గ్రీజు దాన్ని ఉబ్బించవచ్చు. టార్చితో వచ్చిన కాగితంలో ఏ గ్రీజు వాడమని ఉందో చూసి అదే వాడండి. డబ్బాలో గ్రీజు ప్యాకెట్టు ఇచ్చి ఉంటే ఇంకేమీ ఆలోచించక్కర్లేదు. కొబ్బరినూనె, బండి గ్రీజు, స్ప్రేలు అసలు దగ్గరికి రానివ్వకండి. దోమల మందు రాసుకున్న చేతులతో కూడా టార్చిని ముట్టుకోవద్దు. అందులో డీట్ అనే రసాయనం ఉంటే కొన్ని ప్లాస్టిక్కులను కరిగిస్తుంది. హావ్‌లాక్‌లో సాయంత్రం దోమలకు, ఇసుక ఈగలకు అందరూ ఆ మందు రాసుకునే ఉంటారు, కాబట్టి ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి.

మూత చేత్తో ఎంత బిగుస్తుందో అంతే బిగించండి. పట్టకారు వద్దు. సందులోంచి రింగు కనిపిస్తుంటే మూత పూర్తిగా కూర్చోలేదన్నట్టు.

ఇదంతా అయ్యాక ఇంట్లోనే ఒక పరీక్ష చేయండి. బ్యాటరీ తీసేసి, గొట్టంలో మడిచిన టిష్యూ కాగితం పెట్టి మూత బిగించండి. బకెట్‌లో గోరువెచ్చటి నీళ్లు తీసుకోండి, చెయ్యి పెడితే హాయిగా ఉండాలి, అంతకంటే వేడి వద్దు. టార్చిని ముంచి మూత సందు వైపు చూడండి. లోపలి గాలి వేడికి వ్యాకోచించి, సందుంటే అక్కడి నుంచి బుడగలు ఒకదాని వెనక ఒకటి వరసగా వస్తాయి. మొదట ఒంటికి అంటుకున్న గాలి వల్ల వచ్చే ఒకటి రెండు బుడగలను పట్టించుకోకండి. ఒకేచోటి నుంచి ఆగకుండా వస్తుంటేనే లీకు. గంట ఉంచి తీసి, తుడిచి, టిష్యూ చూడండి. ఇందులో నెగ్గితే హావ్‌లాక్‌లో పగటి డైవ్‌లో అలాగే బ్యాటరీ లేకుండా, టిష్యూ పెట్టి జేబులో వేసుకుని కిందికి తీసుకెళ్లండి. అసలైన లోతులో పొడిగా వచ్చిందంటే అదే రోజు రాత్రి ఆ టార్చిని నమ్మొచ్చు.

కొనేటప్పుడు డబ్బా మీద ఐపీఎక్స్7 అని ఉంటే అది డైవింగ్‌కు కాదు. ఒక మీటరు లోతులో అరగంట తట్టుకుంటుందని మాత్రమే దాని అర్థం. ఐపీఎక్స్8 అన్నా ఒక మీటరు కంటే ఎక్కువ అనే అర్థం, ఎంత ఎక్కువన్నది కంపెనీ చెప్పాలి. ఎన్ని మీటర్లని స్పష్టంగా రాసి ఉండాలి. మీ టార్చికి 100 మీటర్లని రాసి ఉందన్నారు కాబట్టి ఆ విషయంలో చింత లేదు.

స్విచ్ ఏ రకమో మీరు రాయలేదు. తల తిప్పితే వెలిగే రకమైతే నీళ్లలో మాటిమాటికీ తిప్పకండి, తిప్పిన ప్రతిసారీ రింగు కదులుతుంది. ఆర్పినప్పుడు తల కొంచెం వదులై ఉంటుంది కూడా. పక్కన జరిపే అయస్కాంతం స్విచ్ అయితే గొట్టానికి రంధ్రమే ఉండదు కాబట్టి లీకు భయం తక్కువ, కానీ దాని కింద ఇసుక, ఉప్పు చేరి బిగుసుకుంటుంది. కడిగేటప్పుడు మంచినీళ్లలోనే నాలుగైదుసార్లు అటూ ఇటూ జరపండి. ఇంకో సంగతి, ఆ అయస్కాంతం దిక్సూచిని పక్కకు తిప్పేస్తుంది. మణికట్టుకు దిక్సూచి ఉన్న చేత్తో టార్చి పట్టుకోవద్దు.

ఇక నైట్ డైవ్. ఒక్క టార్చితో దిగకండి. మనిషికి రెండు ఉండాలి, రెండోది చిన్నదైనా సరే. అది ఛాతీ దగ్గర డీ-రింగ్‌కు (జాకెట్ పట్టీకి ఉండే డీ ఆకారపు కడీకి), చీకట్లో తడుముకోకుండా దొరికే చోట ఉండాలి. మీరు కొననక్కర్లేదు, డైవ్ సెంటర్‌ను ముందే అడగండి, చాలావరకు అద్దెకు ఇస్తారు. బ్యాటరీ సగం ఉందిలే, సరిపోతుందిలే అనుకోవద్దు, ప్రతి నైట్ డైవ్‌కూ పూర్తి చార్జింగ్‌తో దిగండి. పడవ మీద తక్కువ వెలుతురులో వేసి, అలాగే దూకి, మళ్లీ పడవ ఎక్కేదాకా ఆర్పకండి. ఎక్కువ వెలుతురు గాలిలో వేసి ఉంచకూడదు. ఈ చిన్న టార్చిలు చల్లబడేది చుట్టూ ఉన్న నీళ్ల వల్లే, గాలిలో రెండు మూడు నిమిషాలకే చెయ్యి కాలేంత వేడెక్కుతాయి. బ్యాగులో పొరపాటున వెలిగితే ఇంకా ప్రమాదం.

కింద టార్చే మీ గొంతు. నేల మీద నెమ్మదిగా పెద్ద సున్నా చుడితే ‘బాగున్నాను’ అని. నెమ్మదిగా అటూ ఇటూ ఊపితే ‘ఇటు చూడు’ అని. వేగంగా అటూ ఇటూ ఊపితే ‘ఆపద’ అని. ఉత్సాహంలో ఊరికే ఊపేస్తే గైడ్ పరుగున వస్తాడు, ఇంకోసారి నిజంగా అవసరమైనప్పుడు సందేహిస్తాడు. చేతి సైగ చేయాలంటే వెలుగును ముఖం మీద కాదు, మీ చేతి మీద వేసుకోండి. ఎదుటి మనిషి కళ్లలోకి ఒక్కసారి వెలుగు పడితే చీకటికి అలవాటు పడ్డ చూపు తిరిగి రావడానికి చాలా నిమిషాలు పడుతుంది.

టార్చిని కంటికి దూరంగా, చెయ్యి చాచి పట్టుకోండి. నీళ్లలోని నలక మీద పడ్డ వెలుగు నేరుగా కళ్లలోకి తిరిగి రాకుండా ఉంటుంది. పొగమంచులో బండి హైబీమ్ వేస్తే ఏమీ కనిపించనట్టే ఇదీ. మన విశాఖ తీరంలో నీళ్లు మసగ్గా ఉన్న రోజున వెడల్పు వెలుగు కంటే సన్నటి వెలుగే దారి చూపిస్తుంది. పగలు కూడా టార్చి తీసుకెళ్లమని చెబుతాను. ఎరుపు రంగు మొదటి కొన్ని మీటర్లలోనే నీళ్లలో కలిసిపోతుంది. 15 మీటర్ల దగ్గర బూడిద రంగులో కనిపించే మెత్తటి పగడం మీద వెలుగు వేసి చూడండి, కుంకుమ చల్లినట్టు ఎర్రగా కనిపిస్తుంది.

నిద్రపోతున్న వాటి మీద మాత్రం వెలుగు నిలపకండి. చిలకచేపలు కొన్ని రాత్రి తమ చుట్టూ జిగురు పొరను సంచిలా అల్లుకుని రాతి సందులో పడుకుంటాయి. వెలుగు అంచు మాత్రం తగిలేలా పక్కకు వేసినా మీకు బాగానే కనిపిస్తాయి. సింహచేపలు మీ వెలుగు వెంట వచ్చి, అందులో చిక్కిన చిన్నచేపలను మింగుతాయి. అలా వెంటపడితే వెలుగు తిప్పేయండి. డైవ్ చివర గైడ్ చెప్పినప్పుడు టార్చి ఆర్పకుండా అద్దాన్ని ఛాతీకి ఆనించి, రెండో చేతిని నీళ్లలో ఆడించండి. నీళ్లలోని సూక్ష్మజీవులు మెరిసి, వేళ్ల చివర్ల నుంచి నీలి మిణుగురులు రాలినట్టు ఉంటుంది. నాకు ఇప్పటికీ ఆ రెండు నిమిషాలంటే ఇష్టం.

పైకి వచ్చాక ఉప్పు ఆరనివ్వకండి. ఆరిన ఉప్పు గీతలు పెడుతుంది. పడవ మీది తొట్టెలో వేసి వదిలేయొద్దు, అందులో గాలి పీల్చే రెగ్యులేటర్లు, కెమెరాలు ఒకదానిమీద ఒకటి పడతాయి. గదికి వచ్చి మంచినీళ్లలో అరగంట నానబెట్టండి, మూత విప్పకుండానే. నీడలో ఆరబెట్టండి.

బ్యాటరీ గురించి క్లుప్తంగా. 18650 అనే లిథియం సెల్ అయితే పూర్తి చార్జింగ్‌లో 4.2 వోల్టులు. నెలల తరబడి దాచేటప్పుడు సగం చార్జింగ్‌లో, టార్చి నుంచి తీసి పెట్టండి. మూతను వదులుగా ఉంచితే రింగు నలిగి ఉండదు. ఎండలో ఆపిన కారులో వదలకండి. విమానంలో విడి లిథియం సెల్స్ చెకిన్ బ్యాగులో పెట్టనివ్వరు. ప్లాస్టిక్ డబ్బాలో వేసి చేతిబ్యాగులో పెట్టుకోండి, టార్చి కూడా సెల్ తీసేసి చేతిబ్యాగులోనే.

ఎప్పుడైనా నిండా నీళ్లు పోతే కంగారుగా విప్పకండి. సముద్రపు నీళ్లు తగిలిన బ్యాటరీ నుంచి హైడ్రోజన్ లాంటి వాయువులు పుట్టి లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఆరుబయట, మూత ఎవరి ముఖం వైపూ, మీ వైపూ లేకుండా పట్టుకుని, పావు మర చొప్పున తిప్పుతూ గాలి పోనివ్వండి. తడిసిన లిథియం సెల్‌ను తుడిచి మళ్లీ చార్జింగ్ పెట్టడం అసలు చేయకూడదు, ఇసుక మీదో సిమెంటు గచ్చు మీదో విడిగా ఉంచి ఈ-వేస్ట్‌కు ఇవ్వండి. గొట్టాన్ని మంచినీళ్లతో రెండు మూడుసార్లు కడిగి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఫ్యాను కింద ఆరబెడితే కొన్ని టార్చిలు బతుకుతాయి. బతికినా దాన్ని రెండో టార్చిగా కూడా నైట్ డైవ్‌కు వాడకండి, పగటిపూట సందులు చూడటానికి ఉంచుకోండి.

ఈ వారంలో మీరు చేయాల్సింది రింగు తీసి చూడటం, బకెట్ పరీక్ష చేయడం. మీ మోడల్ కొలతకు సరిపోయే రెండు రింగులు అదనంగా తెప్పించుకోండి, హావ్‌లాక్‌లో అప్పటికప్పుడు దొరక్కపోవచ్చు. టిష్యూ ఎలా వచ్చిందో రాయండి. రింగును తెల్ల కాగితం మీద పెట్టి దగ్గర నుంచి ఒక ఫొటో పెడితే, మార్చాలో అక్కర్లేదో చూసి చెబుతాను.